అట్ట కొడవలి

నంద్యాల లైబ్రరీలో మా సీమ గురించి దొరికిన పుస్తకాలన్నీ చదివాను. వాటిలో కొడవళ్ళు చాలానే ఉన్నాయి గానీ ఆళ్లగడ్డ శిల్పి ఒక్కడూ కనబడలేదు. అందుకే నాకు తెలిసిన ఒకాయన గురించి రాసి పెడుతున్నాను.

ఏ వస్తువు చేతికిచ్చినా ఆయన వేలితో తట్టి వినేవాడు. పగులున్న రాయి మోగదట. కొబ్బరికాయనూ, కొత్త కుండనూ, నా పుస్తకాలనూ కూడా తట్టేవాడు.

కేబుల్ టీవీలో ర్యాప్ పాటలు కొత్తగా వస్తున్న రోజుల్లో, హైదరాబాదు కుర్రాళ్ళు అలాంటి కామెడీ పాటకు వీడియో తీయడానికి ఆళ్లగడ్డ వచ్చారు. ఆయన మీసం చూసి కొడవలి చేతికిచ్చారు.

"అంకుల్, సీమ మనిషిలా కోపంగా చూడండి."

ఆయన దాన్ని తట్టాడు. "ఏందప్పా ఇది, అట్టదా?"

"కామెడీనే కదా అంకుల్."

సరేనని గుడ్లురిమాడు.

పాట టీవీలో వచ్చింది. ఆయన దగ్గర అమ్మవారి విగ్రహం చేయించుకుంటున్న తెనాలి వైపు ఊరివాళ్ళు అది చూసి, రావడానికి భయంగా ఉందని కబురు పెట్టారు. విగ్రహానికి కళ్ళు తెరవడమొక్కటే మిగిలింది. అది వాళ్ళ ఎదుటే చేయాలి.

"కండ్లు లేకుండా ఆయమ్మను ఎన్నాళ్ళు కూచోబెట్టేది?" అంటూ ఆయన నాతో జాబు రాయించాడు.

చివరికి ముగ్గురొచ్చారు. వాళ్ళలో పెద్దాయన గడప దగ్గరే ఆగిపోయాడు.

"కొడవలి ఎక్కడండీ?"

"అది మాది కాదు సామీ. తెచ్చినోళ్ళే ఎత్తుకపోయినారు."

పెద్దాయన నవ్వాడు.

ఆ వీడియో దాచిన కేబుల్ మస్తాన్‌కూ, లైబ్రరీలో పుస్తకాలిచ్చిన సులోచన మేడమ్‌కూ, ఆ రోజు అందరికంటే ముందు చెప్పులు విప్పి లోపలికొచ్చిన ఆ పెద్దాయన వెంకటరత్నం గారికీ కృతజ్ఞతలు.