తడిసిన ఇసుకరాయి

తొంభయ్యవ దశకం చివర, ఒక అక్టోబరు సాయంత్రం ఈశాన్య సరిహద్దులోని దిగువ శిబిరానికి చేరాను. అప్పటికి హవల్దారును. ఎదుట ఎర్రని ఇసుకరాతి కొండలు పొరమీద పొర పేర్చినట్లు నిలిచివున్నాయి. వాటి కొసన మా పై చౌకీ.

శిబిరాధికారి ఆనాడే ఒక ఆజ్ఞ వినిపించాడు. వాన వెలిసిన పిమ్మట పై చౌకీ కింది నిట్టనిలువు రాతిగోడ ఎక్కరాదు. ఆరేవరకు ఆగాలి, లేదా వాగు వెంట చుట్టి పోవాలి. మదనపల్లె నల్లరాతి గుండ్లపై పెరిగిన నాకు అది వింతగా తోచింది.

మూడవనాడు పై చౌకీలో ఒక కాపలా సిపాయికి మలేరియా ముదిరింది. అక్కడ మందు నిండుకొంది. మబ్బు దిగినందున హెలికాప్టరు రాలేదు. మందుపెట్టెతో ముగ్గురం బయలుదేరాము: నేను, వైద్య సహాయకుడు, రేడియో ఆపరేటరు. ఆపరేటరుది పుంగనూరు.

సాయంత్రం నాలుగున్నరకు నడక మొదలైంది. దారిలో వాన పట్టుకొంది. ఎనిమిదింటికి రాతిగోడ కిందికి చేరేసరికి వెలిసింది. గోడ ఎక్కితే చౌకీ గంట దూరం. చుట్టి పోతే తెల్లవారుతుంది.

రేడియోలో పై చౌకీ పలికింది. "రోగికి తెలివి తప్పుతున్నది. ఎంతసేపట్లో వస్తారు?"

"గోడ కింద ఉన్నాము. చుట్టి వస్తాము," అన్నాను.

ఆపరేటరు నా వైపు తిరిగాడు. "యాలన్నా సుట్టేది? తడిసిన బండ జారతాది గానీ యిరగదు. మా ఊరి గుండ్లమింద వానలోనే మేకల్ని తోలినాను."

"ఈడ మేకలూ లేవు, ఆ గుండ్లూ లేవప్పా."

"ఆడ మనిసి పోతాండాడు. తాడు కట్టు. నిలువెత్తు ఎక్కి సూస్తా."

తాడు అతని నడుముకు కట్టాము. రెండవ కొన చెట్టుకు చుట్టి నేను పట్టుకొన్నాను. అతడు ఒక అంచు అందుకొని బరువు మోపాడు. రాయి విరిగిన చప్పుడైనా కాలేదు, అంచుతో పాటు అతడు జారాడు. తాడు బిగిసింది. మెల్లగా దించాము. అతని మడమ బెణికింది.

టార్చి వెలుగులో అతడు పిడికిలి విప్పాడు. అందులో రాయి లేదు. ఎర్రని తడి ఇసుక ఉంది.

"ఇది రాయి కాదన్నా. వానలో పెట్టిన బెల్లం."

మడమకు కట్టు కట్టి వాగుదారి పట్టాము. రేడియో నా వీపుకు మారింది. అతడు కర్ర ఊతగా నడిచాడు.

"మోసేటప్పుడు సూడాల నిన్ను. సంతకు పోయే గాడిద గుర్తొస్తాండాది."

"నోరు మూసుకొని నడువప్పా. కాలు తప్ప అంతా బాగుండాది నీకు."

గంటకొకసారి పై చౌకీని పిలిచాము. ప్రతిసారీ ఒకే జవాబు: "ఊపిరి ఉన్నది. రండి." తెల్లవారుజామున అయిదూ నలభైకి చేరాము. వైద్య సహాయకుడు బూట్లు విప్పకుండానే సూది వేశాడు. మూడవనాటికి రోగి లేచి గంజి తాగాడు. కుంటుతున్న ఆపరేటరును చూసి, "మందు తెచ్చినవానికే మందు కావాలే," అన్నాడు.

అక్కడి విధికాలం ముగిసి నేనూ ఆపరేటరూ చివరకు ఒకే బస్సులో ఊళ్లకు వచ్చాము. అతడు పుంగనూరులో దిగాడు. నేను మదనపల్లెకు పోయాను.

నేటికీ వాన వెలిశాక మా ఊరి గుట్ట ఎక్కుతాను. అడుగు మోపేముందు బండను వేలి కణుపుతో తడతాను. కంగుమంటుంది, ఆ అనుమానానికి తగిన రాయి కాదది. అయినా పాదం ఒక్క క్షణం ఆగుతుంది. టార్చి వెలుగులో విచ్చుకొన్న పిడికిలి, వేళ్ల సందుల నుండి జారుతున్న ఎర్రని కొండ నా కంటి ముందు నిలుస్తాయి.