మేజరు కాని కెప్టెన్

మా డాక్టరుగారు పోయారు. పొద్దున్నే ఆయన భార్య, మా ఆంటీ, ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ డాక్టరుగారు ఇవాళ లేవలేదు" అన్నారు. కాఫీకి లేవలేదేమో అనుకున్నాను ఒక్క క్షణం. "ఎవరెవరికి చెప్పాలో చూడు" అనేసరికి అర్థమైంది.

జర్మనీలో ఈ హైడెల్‌బర్గ్‌లో తెలుగువాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉన్న రోజుల్లో గుంటూరు నుంచి వచ్చిన సర్జన్ ఆయన. మావారూ నేనూ బ్లూ కార్డులు, అదే ఉద్యోగ వీసాలు, పట్టుకుని దిగేనాటికే రిటైరై చాలా ఏళ్లయింది. ఆయన పై అంతస్తు, మేం కింద. ఊళ్లో పేరు నమోదుకి, అదే అన్‌మెల్డుంగ్‌కి, మాతోపాటు వచ్చి ఆఫీసులో మాకంటే ముందు ఆయనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పరాయి ఊళ్లో మాకు పెద్దదిక్కు దొరికిందని ఆ రోజే అనుకున్నాను.

ఆయన ముందుగదిలో దేవుడి పటాలకంటే తగరపు సిపాయిలకే ఎక్కువ చోటు. వేలెడు కూడా లేని పల్చటి బొమ్మలు, పాత జర్మన్ చక్రవర్తి కైజరు కాలపు సైన్యం. జర్మన్లే మర్చిపోయిన ఆ సైన్యానికి గుంటూరు డాక్టరు రంగులు వేస్తుంటే ఆంటీ ఊరుకునేవారా? "వీళ్లకి బట్టలు తొడిగే ఓపిక ఉంది గానీ నాకో చీర కొనే ఓపిక లేదు" అనేవారు.

రంగు వేస్తూ పాఠం చెప్పేవారు. చిన్న లెఫ్టినెంట్ భుజం మీద చుక్క ఉండదు. పై మెట్టువాడికి ఒకటి, కెప్టెన్‌కి రెండు. మేజరయ్యాక చుక్కలు పోయి మెలితిప్పిన తాడు మాత్రం మిగులుతుంది. "చూశావా అమ్మాయ్, పెద్దవాడయ్యేకొద్దీ తక్కువ పెట్టుకోవాలి" అనేవారు. కల్నల్‌కి మళ్లీ రెండు చుక్కలొస్తాయి కదా అని అడిగితే మాత్రం వినపడనట్టు కుంచె కడుక్కునేవారు.

ఆఫీసులో నాకు రావాల్సిన టీమ్ లీడ్ పదవి నా తర్వాత చేరినవాడికి ఇచ్చిన రోజు, మానేస్తానని చెప్పడానికి పైకి వెళ్లాను. ఆయన తలెత్తకుండా అంతా విని, చేతిలో ఉన్న కెప్టెన్‌ని నా ముందు నిలబెట్టారు.

"ఆ సైన్యంలో వీడికి మేజరు పదవి రాకుండా వెనకవాడికొచ్చిందనుకో. ఎవరూ పొమ్మనరు. కానీ వీడే కొలువు నుంచి సెలవిప్పించమని రాసుకుని ఇంటికి పోవాలి. అది వాళ్ల మర్యాద. నాకూ అట్లాగే అయింది. నేను కత్తి పట్టడం నేర్పిన కుర్రాడు చెఫ్‌ఆర్ట్స్ అయ్యాడు, ఆసుపత్రికి పెద్ద డాక్టరన్నమాట. నేను ఓబర్‌ఆర్ట్స్‌గానే, ఒక మెట్టు తక్కువగా, వాడి కిందే ఉండిపోయా."

"మరి మీరెందుకు మానలేదు?"

"మర్నాడు పొద్దున్నే ఆపరేషన్లున్నయ్. పేషెంట్లు రాత్రి నుంచీ పస్తు పడుకున్నారు."

వంటింట్లోంచి ఆంటీ గొంతు వినిపించింది. "పస్తులు నేను పడుకోలేదా ఆ రోజు?"

ఆ పెద్ద డాక్టర్ని ఆవిడ మళ్లీ గడప తొక్కనివ్వలేదు. ఈయన మాత్రం వారం వారం నది ఒడ్డున ఆయనతో నడిచి వచ్చేవారు. ఎవరితో వెళ్లారని ఆవిడ అడిగేవారు కాదు, ఈయన చెప్పేవారు కాదు.

ఆ రోజే ఇంకొక సంగతి చెప్పారు. ఇంటికి పోయే కెప్టెన్‌కి ఒక్కోసారి రాజు మేజరన్న పేరు ఇచ్చి పంపేవాడట. జీతం పెరగదు, పటాలం ఉండదు, పిలుపొక్కటే. "దానికోసం ఏడ్చినవాళ్లున్నారమ్మా" అని నవ్వారు.

"ఏడిస్తే తప్పేంటంట?" అన్నారు ఆంటీ. ఆయన నవ్వడం మానేశారు. నేను ఉద్యోగం మానలేదు. ఇవాళ్టికీ అది ఆయన పెట్టిన భిక్షే.

ఆయన పోయిన రోజు మన తెలుగు గ్రూపులో సంతాపం పెట్టారు, "చెఫ్‌ఆర్ట్స్‌గా సేవలందించిన" అని. పోయినవాళ్లని ఒక మెట్టు ఎక్కించందే మనకి తృప్తి ఉండదు. గుమాస్తా పోతే ఆఫీసరు పోయాడంటాం. మార్పిద్దామని ఆంటీ దగ్గరికి పరిగెత్తాను.

ఆవిడ బొమ్మల బీరువా వైపు చూశారు. "ఉండనియ్ అమ్మాయ్. నలభై ఏళ్లు నోరు మూసుకున్నా. అంత్యక్రియల్లో ఆయన గురించి మాట్లాడే ఆవిడక్కూడా అట్లాగే చెప్పు."

మావారు భయపడ్డారు. "ఆసుపత్రోళ్లు వస్తరు ఆంటీ. అందరి ముంగట ఎవరన్న కాదంటే ఎట్ల?"

"అంటే అననియ్ బాబూ" అన్నారు గానీ, ఆ రాత్రి ఆవిడ ముద్ద ముట్టలేదు.

అంత్యక్రియల హాలు నిండింది. ఆంటీ ముందు వరసలో కూర్చున్నారు, నేను పక్కన. జర్మన్ల పద్ధతులు మనవాళ్లకి తెలియవు, ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో వాళ్లని చూసి చేద్దామని మావారు అందరికీ చెప్పి పెట్టారు. మాట్లాడే జర్మన్ ఆవిడ లేచేముందు తలుపు తెరుచుకుంది. చక్రాల వాకర్ తోసుకుంటూ ఒక ముసలాయన వచ్చి మా వెనకే కూర్చున్నారు. ఆంటీ చెయ్యి నా మణికట్టు మీద బిగుసుకుంది. "ఆయనే, ఆ పెద్ద డాక్టరు" అన్నారు.

ఆపుదామా అని సైగ చేశాను. అప్పటికే ఆలస్యమైంది. ఆవిడ చదవడం మొదలుపెట్టింది. పుట్టిన ఊరు, చదువు, ప్రయాణం. ఆ తర్వాత, "మన ఆసుపత్రి చెఫ్‌ఆర్ట్స్" అంది.

ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక చక్రాలు కిర్రుమన్నాయి. ముసలాయన పిడులు పట్టుకుని మెల్లగా లేస్తున్నారు. చదివే ఆవిడ ఆగిపోయింది. ఆంటీ కళ్లు మూసుకున్నారు.

"అవును," అన్నారాయన జర్మన్‌లో, హాలంతా వినిపించేలా. "ఆయనే."

అని కూర్చోలేదు. అలాగే నిలబడ్డారు. ఆయన్ని చూసి ఇదేదో ఇక్కడి పద్ధతేమో అనుకుని మనవాళ్లంతా లేచారు. మనవాళ్లు లేవడం చూసి, ఇది భారతీయుల పద్ధతి కాబోలనుకుని జర్మన్లూ లేచారు. నేనూ లేచాను.

ఆంటీ కళ్లు తెరిచి వెనక్కి తిరిగారు. ఆ హాల్లో ఆవిడ ఒక్కరే కూర్చుని ఉన్నారు.