నురగ తప్పు ఎవరిది

సీసాలు సరిగా కడగదన్న నింద మా పెద్దమ్మ పదకొండేళ్ళు మోసింది. సోడా ఫ్యాక్టరీలో నింపే యంత్రం దగ్గర సీసా నురగ కక్కితే చాలు, సూపర్‌వైజరు కడిగే గదిలోకి తల దూర్చేవాడు.

"ఏమ్మా నురగమ్మా, ఇవాళ కూడా సబ్బు వదిలించకుండానే పంపావా?"

అందరూ నవ్వేవాళ్ళు. ఆమె ఇంకో విడత వేడినీళ్ళు పట్టేది. నీళ్ళలో నాని వేళ్ళ చివర్లు పాలిపోయినా అనుమానం ఆ వేళ్ళ మీదే. ఆమె ఫైల్లో మూడుసార్లు "నిర్లక్ష్యం" అని రాశారు. నాలుగోసారి రాస్తే ఉద్యోగం ఊడుతుంది.

పెద్దమ్మ చదువు ఐదో తరగతితో ఆగింది. కన్ను మాత్రం ఊరుకోలేదు. భోజనాల వేళ మూత తీసిన సోడాని కిటికీకి ఎదురుగా పెట్టి చూస్తూ కూర్చునేది. బుడగలు ఎక్కడపడితే అక్కడ పుట్టవు. ఒక చోటు పట్టుకుంటే అక్కడి నుంచే, పూసలు గుచ్చినట్టు వరసగా లేస్తాయి. అడుగున నలుసంత. పైకి పోయేకొద్దీ చుట్టూ ఉన్న గ్యాసు లోపలికి చేరి లావెక్కుతాయి. లావెక్కిన కొద్దీ పరుగు పెరుగుతుంది, పూసల మధ్య ఎడమూ పెరుగుతుంది.

"మనుషులకి ఒళ్ళొస్తే ఆయాసం. వీటికి హుషారు!" అనేది.

ఒక ఉదయం వరసగా సీసాలు పొంగాయి. మేనేజరే దిగొచ్చాడు. "నాలుగోది రాసేద్దాం సార్," అన్నాడు సూపర్‌వైజరు.

"రాద్దురుగాని బాబూ, కలం ఎక్కడికీ పోదు. ముందు ఇది చూడండి," అంది పెద్దమ్మ.

పొంగిన సీసా ఒకటి వెలుతురుకి ఎత్తింది. అడుగుకి కాస్త పైన, గోడ మీద ఒక్క చోటు నుంచే బుడగల దండ లేస్తోంది. సీసా తిప్పితే ఆ చోటూ తిరిగింది. సోడా పారబోసి, మేనేజరు కళ్ళముందే ఐదుసార్లు వేడినీళ్ళతో కడిగి మళ్ళీ నింపించింది. దండ మళ్ళీ అక్కడి నుంచే లేచింది.

"ఇంకా సబ్బేనంటారా?"

సీసాని గుడ్డలో చుట్టి పగలగొట్టింది. దండ లేచిన చోటి పెంకు లోపలివైపు మేనేజరు గోరుతో తడిమాడు. సన్నటి గీత తగిలింది.

"ఈ గీతలో రవ్వంత గాలి దాక్కుంటుంది సార్. గ్యాసు వచ్చి దాంట్లో చేరుతుంది, బుడగవుతుంది. ఇలాంటి గీతలు నిండా ఉంటే పొంగక ఏం చేస్తుంది? గీసింది ఇదిగో." కుచ్చు అరిగి తీగ బయటపడిన, సీసాలు కడిగే బ్రష్షు బల్ల మీద పెట్టింది. "మార్చమని అడిగీ అడిగీ నా నోరు అరిగింది."

సూపర్‌వైజరు కలం జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు పదిహేను రోజులకోసారి బ్రష్షులు మారుతున్నాయి. గీతలున్న సీసాలను పక్కన పెడుతున్నారు. పొంగడం దాదాపు ఆగిపోయింది. కొత్తగా చేరినవాళ్ళకి బుడగలు చదవడం నేర్పేది మా పెద్దమ్మే! ఇంజనీర్లు కూడా ఆమె పక్కన నిలబడి చూస్తారు. సూపర్‌వైజరు నోట "గారు" పలుకుతోంది.

కానీ ఫైల్లో ఆ మూడు "నిర్లక్ష్యం"లూ అలాగే ఉన్నాయి. ఆమె ఇంకా టెంపరరీనే; వాటిని సాకుగా చూపించే పర్మినెంట్ చేయడం లేదు. ఎనిమిది నెలల్లో ఆమె రిటైరవుతుంది. తప్పు బ్రష్షుదని తేలాక కూడా శిక్ష మనిషికేనా?

ఆ మాటలు కొట్టేయమని కార్మికులం ఉత్తరం రాశాం. ఫ్యాక్టరీ గేటు ఎదుట టీకొట్టులో ఉంచాం. దయచేసి వచ్చి సంతకం పెట్టండి. రాలేనివాళ్ళు మేనేజరు పేర నాలుగు వాక్యాలు రాసి పంపండి. ఈ వారంలోనే.