బల్లి చూసిన బడి

మా మిస్ పోయారు. మొన్న ఆదివారం పొద్దున పీణ్యలోని తమ ఇంట్లోనే, కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నవారు మళ్ళీ లేవలేదు. నాలుగో క్లాసులో మాకు సోషల్ చెప్పిన మిస్ ఆవిడ. పోయినవారి గురించి రాసేటప్పుడు మనసు మెత్తగా ఉండాలంటారు. నాకు అట్లా లేదు. ఒక మనిషి మీద కోపం ఏళ్ళ తరబడి అరగకుండా కడుపులో ఉంది. అదీ ఇందులోకి వస్తుంది, ఏమీ అనుకోకండి.

తొంభైల్లో మాది పీణ్య ఇండస్ట్రియల్ ఏరియా పక్కన చిన్న ప్రైవేటు బడి. అందరం ఫ్యాక్టరీ పనివాళ్ళ పిల్లలం. వేరే బడుల్లో దేశపటం గోడకు వేలాడుతుంది. మా మిస్ దాన్ని దించి నేల మీద పరిచేవారు.

"గోడ మీదుంటే ఉత్తరం ఆకాశంలో ఉండాది అనుకుంటారప్పా మీరు," అనేవారు.

నిజమే. అప్పటిదాకా హిమాలయాలు మా క్లాసు ఫ్యాను దగ్గరెక్కడో ఉన్నాయని నా లెక్క. పటం ఉత్తరాన్ని బయటి ఉత్తరం వైపు తిప్పాకే పాఠం మొదలయ్యేది.

మొదట గీయించింది మా క్లాసునే. "పైన బల్లి ఉండాది చూడండి. దానికి మనం ఎట్ల కనపడతాం?" అని అడిగారు. మా తలలన్నీ సున్నాలైపోయాయి. మిస్ సున్నాకి వెనక, ముడి కోసం ఇంకో చిన్న సున్నా తగిలించాను నేను. ఆవిడ ముడి తడుముకుని పకపకా నవ్వారు. తర్వాత వీధులు గీశాం. గుర్తులు మేమే పెట్టుకోవాలి. కొళాయికి నీలం చుక్క, కరిచే కుక్కకు ఎర్ర పళ్ళు. "చూసింది గీయండి, చూడంది గీయొద్దండి," అనేవారు.

ఆ మాట మేం మరీ బాగా విన్నాం, అదే ఆవిడ కొంప ముంచింది. పేరెంట్స్ డేకి చార్టు మీద మా బడి పటమే గీశాం. బడి ఓనరును సెక్రెటరీ అనేవాళ్ళం. ఆటస్థలం మూసి కంప్యూటర్ రూము కడుతున్నానని ఆయన అందరికీ చెప్పుకున్నాడు. నిజానికి అక్కడ షెడ్డు వేసి, వెనక రోడ్డు వైపు తలుపు పెట్టి, ఇనుము చెక్కే లేత్ వర్క్‌షాపుకు బాడుగకిచ్చాడు. మేం గోడెక్కి తొంగిచూసి, షెడ్డునూ లేతునూ గీసి రంగులేశాం. ఒక పిల్ల తండ్రి చార్టు ముందు ఆగాడు.

"ఏం సార్, కంప్యూటర్ రూమంటిరి, ఈడ లేత్ ఉండాది కదా?" అని అందరూ వినేట్టు అడిగాడు.

సెక్రెటరీ నవ్వుతూనే చార్టు పీకేశాడు. సోమవారం ప్రార్థనలో మా అందరి ముందూ, "ఈ పిల్లోళ్ళకి పటాలెందుకమ్మా? నీకు తల సరిలేదు, పో," అని ఆవిడను పంపేశాడు. అంతటితో ఆగితే నాకింత మంట ఉండేది కాదు. చుట్టుపక్కల బడులన్నిటికీ వెళ్ళి ఆమెకు పిచ్చని చెప్పి వచ్చాడు. ఎవరూ పని ఇవ్వలేదు. సుద్దముక్క పట్టిన చేతులతో మా మిస్ ఫ్యాక్టరీలో బోల్టులు సంచుల్లో నింపారు. సాయంత్రాలు మమ్మల్ని ఇంటికి పిలిచి ఊరికే పాఠాలు చెప్పారు. ఆయన మాట ఎత్తితే "వదిలేయప్పా" అనేవారు. ఆవిడ వదిలేశారు. నేను వదల్లేదు.

మొన్న మా క్లాసువాళ్ళమంతా మిస్ ఇంటికి చేరాం. ఆవిడను తీసుకెళ్ళే వ్యాను వచ్చి వాకిట్లో నిలబడిన వేళకు నాకు ఫోన్ వచ్చింది. ఆ సెక్రెటరీయే! ఎవరినో అడిగి నా నంబరు పట్టాడు. ఇప్పుడు ఎలక్షన్లో నిలబడుతున్నాడట.

"ఇల్లు యాడుండాదో తెలీలేదప్పా, కొంచెం దారి చెప్పు. నేనొచ్చేదాకా ఎత్తొద్దండి. ఫోటోగ్రాఫర్ కూడా నాతోనే ఉండాడు. మా స్కూలు టీచర్ కదా!"

ఆవిడ ముఖం పక్కన ఆ ముఖమా? నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతులో తేనె పోసుకుని, "నేరుగా రండి సార్, లారీలు తూచే వేబ్రిడ్జి దాటి లెఫ్టు, మళ్ళీ లెఫ్టు," అంటూ ప్రతి మలుపూ కళ్ళకు కట్టినట్టు చెప్పాను, ఈ ఇంటికి తప్ప ఎక్కడికైనా చేరేట్టు. కాసేపటికి మళ్ళీ ఫోన్. ఈసారి మా క్లాసు అమ్మాయి ఒకతె లాక్కుంది.

"అయ్యో, దాటేసినారు సార్! బండి వెనక్కి తిప్పండి," అంది.

నాకంటే బాగా తిప్పింది. ఆదివారం పీణ్యలో షట్టర్లన్నీ మూసి ఉంటాయి, దారి అడుగుదామన్నా మనిషి దొరకడు. మేం ఏడుస్తూనే నవ్వాం. మిస్‌ను నెమ్మదిగా వ్యానెక్కించాం.

అందరూ వెంట వెళ్ళారు. నేను వెళ్ళలేదు. ఆయన ముఖం చూడాలని గేటు దగ్గర ఆగిపోయాను. చూశాను కూడా. తిరిగి తిరిగి ఎట్లాగో ఇల్లు కనుక్కుని, చెమటకు చొక్కా తడిసి, చేతిలో టైరంత దండ పట్టుకుని దిగాడు.

"ఏ దిక్కు పోయినారప్పా?" అన్నాడు.

మళ్ళీ తప్పే చూపించాను. దండతో సహా అటే పోయాడు.

నాకు రవ్వంత కూడా బాధ లేదు. కానీ దారి అడిగినవాడికి తప్పు చెప్తే మా మిస్ ఊరుకునేవారు కాదు. ఎంత పెద్దవాణ్ణయినా చెవి పట్టి మెలేసేవారు. మెలేయనీ. మెలేయడానికైనా ఒకసారి రావాలి కదా మిస్! పక్కింటావిడ వాకిలి కడిగి వెళ్ళాక, ఆ తడిలో నా చెవి నేనే పట్టుకుని నిలబడ్డాను.