కల్లం మీద చెప్పులు

మొన్న పని మీద రేగొండ వెళ్తుంటే, రోడ్డు పక్కన ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో వడ్లు ఉడుకుతున్న వాసన ఒక్కసారిగా ముఖానికి తగిలింది. తడి గోనెసంచి, వేడి గంజి కలిసినట్టుండే ఆ వాసన చాలామందికి నచ్చదు. నేను మాత్రం బండి ఆపి కాసేపు అక్కడే నిలబడ్డాను. రాజేశ్వరమ్మ గారి దగ్గరికి ఎప్పుడు వెళ్ళినా ఆమె చీర కొంగు నుంచి వచ్చేది ఆ వాసనే.

జనగామలో చెరువు కట్టను ఆనుకుని ఆమె మిల్లు ఉండేది. భర్త పోయాక, వ్యాపారుల ఇంటి కోడలు కూలీల మధ్య నిలబడి మిల్లు నడపడమేమిటని బంధువులు గొణిగారట. ఆమె నడిపింది. డిగ్రీ మధ్యలో ఆపేసి నేను అక్కడ గుమస్తాగా చేరిన రోజు మొదట అందుకున్నవి ఆమె తిట్లే. చెరువు వైపు విశాలమైన సిమెంటు నేల ఉండేది. ఉడికిన వడ్లు అక్కడే ఆరబోసేవారు. దాన్ని కల్లం అనేవాళ్ళం. దేవరుప్పుల, తరిగొప్పుల వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు వరుసగా పాదాలు ఈడ్చుకుంటూ నడిచి ఆ వడ్లను తిరగేసేవారు. నేను చెప్పులతో కల్లం మీదికి వెళ్ళాను.

“ఏయ్ పిలగా! గది తినే గింజ ఆరే జాగ. చెప్పులిడిచి రా!”

“వడ్లు లేని కాడనే నడుస్తున్నగదమ్మా.”

“ఇయ్యాల లేవు, రేపుంటయి. నేల గదే గదా?”

లారీ డ్రైవర్లకైనా, ఆమె కొడుకులకైనా అదే నియమం. లెక్కలు నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. వడ్ల రాశి చుట్టుకొలతా ఎత్తూ చూసి బస్తాలు చెప్పడం అక్కడే సొంతంగా పట్టుకున్నాను. ఒకసారి గర్వంగా లెక్క చెప్పబోతే, ఆమె రాశిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి నవ్వారు. “నీ లెక్క మంచిగనే ఉన్నది. వడ్లే ఇంక ఆరలే” అన్నారు.

తర్వాత మిల్లులన్నీ ఊరి బయటికి తరలిపోయాయి. ఆమె మిల్లు ఆగిపోయింది. కల్లం పగుళ్ళలో గడ్డి మొలిచింది. కొడుకులు ప్లాట్లు చేసి అమ్ముదామన్నారు. ఆ సమయంలోనే చెరువు ఒడ్డును జనం తిరిగే చోటుగా మార్చాలని పట్టణ అధికారులు అనుకున్నారు. ఆమె మిల్లు స్థలాన్ని వాళ్ళకు ఇచ్చేశారు. ఒకటే షరతు పెట్టారు: అక్కడ వచ్చే దుకాణాలు మిల్లులో పనిచేసిన ఆడవాళ్ళకే ముందు దక్కాలి. అధికారులు ఒప్పుకున్నారు గానీ, వానాకాలం లోపు బేరాలు సాగకపోతే దుకాణాలను వేలం వేస్తామన్నారు. అప్పటికి నేను నిర్మాణాల అంచనాలు వేసే పనిలో ఉన్నాను. ఏ గోడ నిలుస్తుందో, ఏది కూల్చాలో నేనే లెక్క కట్టాను. గోదాములు దుకాణాలయ్యాయి. బాయిలరు గది పిల్లలు ఆడుకునే చోటైంది. చెరువు వైపు గోడ తీసి మెట్లు కట్టాం. కల్లం మాత్రం అలాగే నడుమ ఉండిపోయింది.

దుకాణాలు తెరిచాక చూస్తే జనం గేటు దాకా వచ్చి వెనక్కి పోతున్నారు. ఒకప్పుడు కల్లం మీద వడ్లు తిరగేసిన ఎల్లమ్మ తన దుకాణంలో కాల్చిన సర్వపిండి రొట్టె సాయంత్రానికల్లా చల్లారిపోయేది. దీపాలు, దారి వెడల్పు, బండ్లు నిలిపే చోటు అన్నీ మళ్ళీ సరిచూశాను. తప్పు దొరకలేదు. ఒక సాయంత్రం రాజేశ్వరమ్మ గారు వచ్చి, వెనుదిరుగుతున్న ఒక కుటుంబాన్ని ఆపి అడిగారు.

“లోపల ఎవలిదో పూజైతున్నట్టున్నదమ్మా. చెప్పులన్ని బయటనే ఉన్నయి. పిలువని పేరంటానికి ఎట్ల పోతం?” అంది ఆ ఇల్లాలు.

అప్పుడు చూశాను. కల్లం అంచున వరుసగా చెప్పులు. అన్నీ మన దుకాణాల ఆడవాళ్ళవే. ఎవరూ విడవమని చెప్పలేదు. కాళ్ళే విడిచేశాయి.

“చెప్పులేసుకొని తిరుగుండ్రే” అన్నారు రాజేశ్వరమ్మ గారు.

ఎల్లమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “తిట్టి తిట్టి ఇడిపిచ్చినవు, ఇప్పుడు తొడుక్కోమంటివి! మా కాళ్ళు నీ పాత మాటినాల్నా, కొత్త మాటినాల్నా?”

రాజేశ్వరమ్మ గారు తన పాదాల వైపు చూసుకున్నారు. ఆమె కూడా అలవాటుగా చెప్పులు విడిచే నిలబడ్డారు. మళ్ళీ తొడుక్కున్నారు. వంగి నేలను తాకి ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నారు. నా మోచెయ్యి పట్టుకుని అడుగు వేశారు. ఆమె వేళ్ళు బిగుసుకోవడం నాకు తెలిసింది. కల్లం నడుమ దాకా చెప్పుల చప్పుడుతోనే నడిచి వెనక్కి తిరిగారు.

“ఏం జూస్తున్నరే? ఇగ గీడ వడ్లారేది లేదు. మనుషులు రావాలె, రాండ్రి!”

“గిప్పుడు నిన్నెవలు తిట్టాలెనమ్మా?” అంది ఎల్లమ్మ.

“నువ్వే తిట్టు. గని సర్వపిండి ఏడేడిగ పెట్టి తిట్టు.”

గేటు దగ్గరి కుటుంబం నవ్వుతూ లోపలికి వచ్చింది. వాళ్ళ వెనక ఇంకొందరు. వానలు మొదలయ్యేసరికి వేలం మాట ఎత్తినవాళ్ళు లేరు.

రాజేశ్వరమ్మ గారు ఇప్పుడు లేరు. ఆ దుకాణాలు ఆ ఆడవాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. నా దగ్గర పనిచేసేవాళ్ళకు నేనూ ఒక నియమం పెట్టాను: టేపు పట్టి కొలవందే ఏ అంచనా రాయకూడదు. ఈ మధ్య వాళ్ళు గోడ మీద ఎర్రచుక్క వేసి దూరం చెప్పే చిన్న యంత్రం తెచ్చి, నాకు చూపించడానికి భయపడి సంచిలో దాచారు. నేనే అడిగి తీసుకుని, మొదటి గోడను దానితో నేనే కొలిచాను. చుక్క నిలకడగా నిలవలేదు. ఎవరూ నవ్వలేదు. వాళ్ళలో ఒకరు వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నారు.