జంట డబ్బా

ముందుగా తెల్లచొక్కాల సంగతి. పసుపు సీజన్‌లో ఆర్మూర్‌లో తెల్లచొక్కా తొడిగినవాడు పొద్దున ఉద్యోగస్తుడు, మధ్యాహ్నానికి పెళ్లికొడుకు. పసుపు పొడి గాలిలో ఉంటుంది, నేల మీద ఉంటుంది, చాయ్‌లో కూడా ఉంటుంది. బట్టలుతికే సాయిలు ప్రతి వారం ఒకటే అడిగేవాడు: "సారూ, పసుపు రంగు బట్టనే కొనుక్కోరాదు?" ఆ ఊళ్లో నేను జవాబు చెప్పలేకపోయిన సంగతులు రెండు. అది చిన్నది.

రెండోది చెప్పేముందు ఒక మాట. నేను దయ్యాలను నమ్మేవాణ్ణి కాదు. ఫిజిక్స్‌తో బీఎస్సీ సెకండ్ క్లాసులో పాసయ్యాను. శాస్త్రవేత్త కావడానికి ఆ మార్కులు చాలలేదు గానీ, దయ్యాలను కొట్టిపారేయడానికి సరిపోతాయనుకున్నాను.

అరవైల చివరి సంగతి. నా స్నేహితుడు యాదగిరికి బజారులో రేడియో రిపేరు షాపు ఉండేది. అది రాజన్న కాక పసుపు గోదాముకు ముందరి గది. మధ్యన ఒక గోడ, గోడకు పైన చిన్న వెంటిలేటర్. రాజన్న కాక పసుపు అడ్తిదారు, రైతుల సరుకు అమ్మిపెట్టి కమీషను తీసుకునేవాడు. నాకు చుట్టం కాదు, బజారంతా కాకా అనే పిలిచేది. రైతు తెచ్చిన పసుపు కొమ్మును చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని విరిచేవాడు. బాగా ఎండిన కొమ్ము ఖంగుమంటుంది, తడి ఉంటే చప్పగా తెగుతుంది. ఆయన చెవి తప్పిందని ఎవరూ అనగా నేను వినలేదు. నన్ను మాత్రం పేరు పెట్టి పిలిచేవాడు కాదు, 'డిగ్రీ' అనేవాడు.

హైదరాబాద్‌లో చదివేటప్పుడు నేనొక సెకండ్‌హ్యాండ్ కరెంటు గిటారు కొన్నాను. ఫుట్‌పాత్ మీద దొరికిన పాత ఇంగ్లీషు పత్రికలో, గిటారుకు తగిలించే రెండు డబ్బాల వైరింగ్ బొమ్మలున్నాయి. రిపేరుకిచ్చి మరిచిపోయిన ట్రాన్సిస్టర్ రేడియోల సామానుతో యాదగిరి రెండూ కట్టాడు. కాలితో నొక్కే స్విచ్చులు కూడా పెట్టాడు.

మొదటిది గరగర డబ్బా. దానిలోంచి పోతే తీగ గొంతు జీరపోయి, పెద్దగా అరుస్తుంది. రెండోది జంట డబ్బా. దానిలో వేలెడంత ట్రాన్స్‌ఫార్మర్, రెండు డయోడ్లు. సా మీటితే, దానితో పాటు పై స్థాయి సా కూడా పలకాలి. ఒక్కడు వాయిస్తే ఇద్దరు వాయించినట్టు.

వారం రోజులు అది నోరు విప్పలేదు. గిటారు బలం ఒక్కటే దానికి చాలదని తర్వాత తెలిసింది. ముందు గరగర డబ్బా పెట్టి, దాని అరుపును జంట డబ్బాలోకి పంపితే అప్పుడు పలికింది. తిరగేసి పెడితే తుమ్ములు తప్ప ఏమీ రాలేదు. రెండు తీగలు కలిపి మీటితే లారీ గేరు మార్చినట్టుండేది. ఒక్కొక్క తీగే, అదీ గిటారు మెడ మీది పై మెట్ల మీద వాయిస్తే మాత్రం పై స్వరం శుభ్రంగా వచ్చేది.

యాదగిరి ఆశంతా ఆ రెండు డబ్బాల మీదే. రేడియోలతో బతుకు వెళ్లదని వాళ్ల నాయన వాణ్ణి దూరాన భివండిలో బట్టల మగ్గాలకు పంపే ఏర్పాట్లలో ఉన్నాడు. పెళ్లిళ్లకు వాయించే ఆర్కెస్ట్రా కట్టి ఊళ్లోనే ఉండిపోవాలని వీడి ప్లాను. దానికి షాపు ఉండాలి. షాపు కాకది.

ఒకరోజు మధ్యాహ్నం కాక వచ్చి గడపలో నిలబడ్డాడు.

"ఏమిరా, నా గోదాంల ఆడమనిషిని పెట్టి పాడిపిస్తున్నరా?"

యాదగిరి నవ్వాడు. "కాకా, అది గీ డబ్బ సప్పుడే."

"డబ్బ సప్పుడు గీడ వస్తది. నేను గోదాంల అంటున్న, సంచుల ఎన్క. అంగడి రోజు లోపట తేల్చుర్రి. లేకుంటె రూము ఖాళీ చెయ్యిర్రి."

కాక పోయాక యాదగిరి రెండు డబ్బాల స్విచ్చులూ ఆపేశాడు.

నా అనుమానం ముందు వాడి మీదికే పోయింది. ఆర్కెస్ట్రాకు పేరు రావాలని ఇంకో స్పీకర్ ఎక్కడో దాచి ఉంటాడనుకున్నాను. వాడు చాయ్ చెప్పడానికి పోయినప్పుడు షాపంతా వెతికాను. ఒకటే స్పీకర్, ఒకటే వైరు. మర్నాడు నేను ముఖం కడుక్కుని వచ్చేసరికి వాడు నా గిటారు పెట్టె అస్తరు తడుముతున్నాడు. ఇద్దరం చాయ్ తాగాం. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

గోదాము కూడా చూశాను, కాక ఎదుటనే. ఒకటే తలుపు, తాళంచెవి ఆయన మొలతాడుకు. నేల మీద వేలి మందం పసుపు పొడి. దాని మీద తలుపు నుంచి కాక కూర్చునే స్టూలు దాకా, మళ్లీ తలుపు దాకా ఒక్క మనిషి అడుగులే. అవి కాకవి. సంచుల వెనుక పొడి ఎవరూ తొక్కనే లేదు.

వారపు అంగడికి ముందురోజు మధ్యాహ్నం పరీక్ష. కాక గోదాములో స్టూలు మీద కూర్చున్నాడు, యాదగిరిని పక్కన నిలబెట్టుకున్నాడు. షాపులో నేనొక్కణ్ణే. రెండు డబ్బాలూ తగిలించి సా మీటాను.

వెంటిలేటర్‌లోంచి కాక గొంతు వచ్చింది. "రెండొస్తున్నయి."

గరగర డబ్బా తీసేశాను. ఇక జంట డబ్బా పలకకూడదు. షాపులో పలకలేదు కూడా.

"రెండే."

జంట డబ్బా తీసేశాను.

"రెండే."

గోడలోంచి ప్లగ్గు పీకేశాను. కరెంటు లేని కరెంటు గిటారు చప్పుడు దోమకు కాస్త ఎక్కువ.

"నీది సన్నగయింది. గా రెండోది గట్లనే ఉన్నది."

అప్పుడు నాకూ వినబడింది. ఆడగొంతూ కాదు, మగగొంతూ కాదు. ఎండిన కొమ్ము విరిచినప్పటి ఖంగు ఆగిపోకుండా అట్లాగే నిలబడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"యాదగిరీ, నువ్వేనా?" అని అరిచాను.

"వాని నోరు నేనే మూసిన," అన్నాడు కాక. "నీ నోరు నువ్వు చూసుకో."

ఇక నా ఫిజిక్స్‌కు మిగిలింది ప్రతిధ్వని. ప్రతిధ్వని అయితే నా స్వరం తర్వాత రావాలి. సరే చూద్దామని సా, రి, గ వరసగా వాయిస్తూ, ఎవరికీ చెప్పకుండా పా మీదికి దూకాలనుకున్నాను. నా వేలు దిగకముందే అవతల పై స్థాయి పా పలికింది. నా చెవిని అనుమానించాను. రెండోసారి ని అనుకున్నాను. అదే ముందు పలికింది.

మూడోసారి దా అని మనసులో అనుకుని, వేలు తీగ మీద ఆనించకుండా గాల్లోనే ఆపాను.

దా వచ్చింది. వచ్చి, పోకుండా నిలబడింది, నాకోసం ఆగినట్టు. ఎంతసేపో చెప్పలేను. చివరికి నా వేలు ఆ మెట్టు మీదే దిగింది. నేను దించానని ప్రమాణం చేయమంటే చేయను. వేలు దిగగానే అవతల ఆగిపోయింది.

తర్వాత ఎంతోమందిని అడిగాను. సంచులు కంపించి ఉంటాయని ఒకరు, ఎండకు పైకప్పు రేకులు మోగి ఉంటాయని ఒకరు అన్నారు. మా పాత లెక్చరర్ ఓపికగా అంతా విన్నారు. 'ముందే పలికింది' అన్నచోట ఆయనకు క్లాసు టైమయింది. ఇన్నేళ్లు నేనూ లెక్కవేశాను. నాకూ అక్కడే ఆగిపోతుంది.

ఆ రోజు కాక గోదాముకు తాళం వేసి, పసుపు పాదాలతో షాపులోకి వచ్చాడు. వెనుక యాదగిరి మూతి తుడుచుకుంటూ వచ్చాడు. వాడి ముఖం చూస్తే మగ్గం ముందు అప్పుడే కూర్చోబెట్టినట్టుంది.

"యాదగిరీ, నీ షాపు నువ్వు నడుపుకో. నీ తప్పేం లేదు. భివండి లేదు గివండి లేదు, మీ నాయినకు నేను చెప్త."

తర్వాత నా వైపు తిరిగాడు. గిటారు ఇంకా నా ఒళ్లోనే ఉంది.

"డిగ్రీ, నువ్వు మాత్రం ఇంక గీ గడప తొక్కకు. గా సప్పుడు నీ ఎన్క పలుకుతలేదురా. నువ్వే దాని ఎన్క వాయిస్తున్నవ్."