రాసిన దోవ, అడిగే దోవ

మా సూపర్వైజరమ్మ పోయారు. కిందటి మంగళవారం ఆఫీసులో టీ తాగుతుండగా తపాలా సెక్షన్ అటెండరు వచ్చి, "మీ వీధి ఆమె పొద్దున ఎనిమిదికి పోయినారంట మేడం. వారంగా ఆస్పత్రిలో ఉండారంట గదా?" అన్నాడు. వాళ్ళిల్లు మా ఇంటికి రెండిళ్ళ అవతల. ముదలియార్‌పేటలో ఒక ఇంట్లో గిన్నె కింద పడితే నాలుగిళ్ళకు వినపడుతుంది. అలాంటిది, ఆవిడ వారం రోజులు ఆస్పత్రిలో ఉన్న సంగతే నాకు తెలియదు. మూడేళ్ళుగా నేను వాళ్ళ గుమ్మం ముందు నుంచి నడవడం మానేసి, వెనక సందులోంచి చుట్టు తిరిగి బస్సుకు పోతున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. సిగ్గుపడవలసినవి ఇంకా ఉన్నాయి, వాటిలో ఇది చిన్నది.

ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. వీధి వరసలో అత్త. ఆఫీసులో అందరికీ మేడం, పక్కన ఎవరూ లేనప్పుడు నాకు మాత్రం అత్త. ఈ ఉద్యోగానికి అప్లికేషను తెచ్చి ఇచ్చింది ఆవిడే. ఇంటర్వ్యూ రోజు మా అమ్మ లేవకముందే వచ్చి తలుపు తట్టి, "లెయ్యి పాపా, తలకి పోసుకో, నిదర మొహంతో పోతే యాడ ఇస్తారు ఉద్యోగం" అని లేపిందీ ఆవిడే. నేను ఎక్కిన మెట్టు ప్రతిదీ ఆవిడ పట్టుకున్న నిచ్చెనదే.

డెబ్బైలలో ఆవిడ ట్రంకు టెలిఫోను ఎక్స్చేంజిలో ఆపరేటరు. చెవులకు హెడ్‌ఫోను, ఎదురుగా రంధ్రాల బోర్డు, చేతిలో తీగలు. కారైక్కాల్‌కు ఎవరైనా కాల్ అడిగితే కడలూరు మీదుగా కలపాలని గోడ మీద చార్టులో రాసి ఉండేదట. కడలూరు లైను ఖాళీ లేకపోతే ఏం చేయాలో మాత్రం చార్టులో ఉండేది కాదు. అప్పుడీవిడ చుట్టుపక్కల ఊళ్ళ ఆపరేటర్లను పలకరించేవారు. వాళ్ళ పేర్లు ఆవిడకు అక్కర్లేదు, ఊరి పేరుతోనే పిలుపు. "ఏం విల్లుపురం, తిన్నావా? నీ తావ లైను ఖాళీగా ఉండాదా? తంజావూరు పలుకుతాందా?" అని అడిగి, ఏదో ఒక వైపు నుంచి కాల్ కలిపేవారు. మొహాలు చూడని ఆ ఊళ్ళతో ఆవిడకు పదిహేనేళ్ళ స్నేహం. విల్లుపురం పెళ్ళికి పట్టుచీర కట్టుకుని మరీ వెళ్ళొచ్చారు.

ఎనభైల మధ్యలో మా ఆఫీసులో కంప్యూటరు గది పెట్టారు. ఆస్పత్రులకు మందులు పంపే సంస్థ మాది. కడలూరు, విల్లుపురం, కారైక్కాల్, మద్రాసు, ఒక్కో ఊళ్ళో ఒక్కో యంత్రం, వాటి మధ్య అద్దెకు తీసుకున్న టెలిఫోను లైన్లు. లైన్ల సంగతి తెలిసిన మనిషి కావాలని ఆవిడను ఆ గదికి సూపర్వైజరుగా తెచ్చుకున్నారు. ఏసీ చలికి తట్టుకోలేక చీర కింద మొగుడి ఖాకీ మేజోళ్ళు వేసుకుని తిరిగేవారు. మేమంతా నవ్వేవాళ్ళం. "నవ్వండి నవ్వండి, మీ కాళ్ళు కొంకర్లు పోయినప్పుడు అడగరు గదా" అనేవారు.

మద్రాసు నుంచి ఒక ఇంజనీరు వచ్చి మాకు వారం రోజులు పాఠం చెప్పాడు. యంత్రం దగ్గర దారుల పట్టిక ఒకటి ఉంటుందట. ఏ ఊరికి పంపాలంటే ఏ లైను మీద పంపాలో అందులో ఉంటుంది. దానిలో దారి రెండు రకాలుగా చేరుతుంది. మనిషి చేత్తో టైపు చేసి పెట్టింది స్టాటిక్ రూటు. యంత్రాలు అర నిమిషానికోసారి ఒకదాన్నొకటి పలకరించుకుని, ఏ లైను బతికి ఉందో తెలుసుకుని, తమంతట తామే మార్చుకునేది డైనమిక్ రూటింగు. నేను నోటుబుక్కులో గీతలు కొట్టుకుంటూ తంటాలు పడుతుంటే ఆవిడ తేలిగ్గా, "ఇది మేం చేసిండేదే గదా సార్. చార్టులో ఉండేది రాసిన దోవ. విల్లుపురాన్ని అడిగేది అడిగే దోవ" అన్నారు. ఆ రోజు నుంచి మా గదిలో ఆ ఇంగ్లీషు పేర్లు ఎవరూ వాడలేదు.

పట్టికలో ఒకే ఊరికి రెండు రకాల దారులూ ఉంటే రాసిన దాన్నే యంత్రం పాటిస్తుందని ఇంజనీరు చెప్పాడు. ఆవిడకు అది నచ్చలేదు.

"అదేంది సార్, అడిగి తెలుసుకున్నోడి కంటే రాసి పెట్టినోడు పెద్దా?"

"మనిషి చెప్పాడంటే ఏదో కారణం ఉంటుందని నమ్ముతుందమ్మా."

"మనిషి తప్పు చెప్తే?"

"అప్పుడూ నమ్ముతుంది."

ఆవిడ మర్నాడు ఒక రిజిస్టరు కొనుక్కొచ్చారు. విల్లియనూరు గోడౌనులో ఉన్నది పాత యంత్రం, దానికి పక్క యంత్రాలతో మాట్లాడే విద్య లేదు. అలాంటి వాటికి రాసిన దోవ తప్పదు. రాసిన ప్రతి దోవకూ రిజిస్టరులో ఒక వరస ఉండాలన్నారు. ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎప్పుడు తీసేయాలి. అంతా తెలుగు మాటలే, తమిళ అక్షరాల్లో. మా తమిళ ఊళ్ళో బడి చదువంతా తమిళమే, ఆవిడకు తెలుగు లిపి రాదు. రోజూ పది గంటలకు ఆ రిజిస్టరు ముందేసుకుని, రాసిన దోవ ఉన్న ప్రతి చోటికీ ఫోను చేసి ఫైళ్ళు అందుతున్నాయా అని అడిగేవారు. ఆ ఫోన్లు దండగని ఒకసారి నేనంటే, "అడిగే దోవ తప్పు చేస్తే అదే దిద్దుకుంటాది. రాసిన దోవ తప్పు చేస్తే మనం పోయి దిద్దాల. దానికి మనం తప్ప ఎవురుండారు పాపా?" అన్నారు. అడిగే దోవల సంగతి మాత్రం ఆవిడ పట్టించుకునేవారు కాదు, అవి వాటి పని అవి చేసుకుంటాయని నమ్మకం.

ఇక నా సంగతి. కార్తీకంలో, వానల రోజుల్లో, కూతురి కాన్పని ఆవిడ నాలుగు రోజులు సెలవు పెట్టారు. గదికి నేనే దిక్కు. కారైక్కాల్‌కు మాకు నేరుగా ఒక లైను ఉంది, కడలూరు మీదుగా ఇంకొకటి ఉంది. ఆ రోజు నేరు లైను నిమిషానికోసారి పోతూ వస్తూ ఉంది. యంత్రం పాపం అటూ ఇటూ దారి మార్చుకోవడంతోనే సరిపోయింది, పంపిన ఫైలు ప్రతిసారీ సగంలో తెగిపోతోంది. పై అంతస్తు నుంచి ఆఫీసరు ఫోను మీద ఫోను. నాకు విసుగొచ్చి, కారైక్కాల్‌కు ఏం పంపినా కడలూరు మీదుగానే పంపమని ఒక్క వరస టైపు చేశాను. ఫైలు చక్కగా పోయింది. ఆఫీసరు మెచ్చుకున్నాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను. రిజిస్టరు రెండడుగుల దూరంలో ఉంది. సాయంత్రం రాద్దాంలే అనుకున్నాను. రాయలేదు. ఆవిడ సెలవు నుంచి వచ్చాక చెప్పనూ లేదు.

పది రోజుల తర్వాత గాలివానకు కడలూరు లైను తెగిపోయింది. అదే రోజు మద్రాసు నుంచి ఒక కబురు వచ్చింది. ఫలానా బ్యాచి సెలైను సీసాల్లో తేడా ఉంది, ఎక్కడా వాడొద్దు, అన్ని ఊళ్ళకూ చెప్పండి అని. కడలూరు లైను లేదు కాబట్టి ఆవిడ ఆ ఊరికి ఫోనులో చెప్పారు. కారైక్కాల్‌కు నేరు లైను బాగైంది, దీపం పచ్చగా వెలుగుతోంది, అది అడిగే దోవ. అందుకని కబురు యంత్రం మీదే పంపారు. యంత్రం నేను రాసిన మాట నమ్మి, పక్కనే బతికున్న లైనును వదిలేసి, చచ్చిన లైనులోకి ఆ కబురును తోస్తూ కూర్చుంది. రెండు రోజులు.

మూడో రోజు కారైక్కాల్ స్టోరు కీపరు వేరే పని మీద ఫోను చేసినప్పుడు బయటపడింది. ఆ పెట్టెలు వాళ్ళింకా విప్పలేదు, దేవుడి దయ. విప్పి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నప్పుడు వస్తుంది.

ఆఫీసరు కిందికి దిగి వచ్చాడు. ఆవిడ పట్టిక తెరిచి చూశారు. మధ్యలో నా వరస. తను రాయలేదని ఆవిడకు తెలుసు. ఆ గదిలో పాస్‌వర్డు ఉన్నది ఇద్దరికే. వెనక్కి తిరిగి నా వైపు చూశారు. అప్పటికి నాకు ఉద్యోగం ఖాయం కాలేదు, ప్రొబేషను రెండు నెలలు మిగిలి ఉంది. నేను నోరు విప్పుతానని ఆవిడ కొంచెంసేపు ఆగారు. నేను తల దించుకుని నా కాళ్ళకేసి చూసుకున్నాను.

"నాదే సార్. రాసి మరిచిపోయినా" అన్నారు.

మర్నాడే ఆవిడను తపాలా సెక్షనుకు వేశారు. కవర్ల మీద స్టాంపులు అంటించే పని. నేను వరండాలో ఆవిడను పట్టుకుని ఏడ్చాను. "ఏడవొద్దు. ఇప్పుడు చెప్తే నీ ఉద్యోగం పోతాది. ఖాయం అయినాక పోయి చెప్పు, అప్పుడు తిట్టేదే గానీ తీసేది ఉండదు. సరేనా?" అన్నారు. సరే అత్తా అన్నాను. ఆవిడ నన్ను క్షమించడం కాదు, గడువు ఇచ్చారు. ఆ తేడా నాకు బాగానే తెలుసు.

రెండు నెలలకు ఆర్డరు వచ్చింది. ఆ మధ్యాహ్నం ఆవిడ పై మెట్లెక్కి నా బల్ల దగ్గరకు వచ్చారు. ఆ బల్ల అంతకు ముందు ఆవిడది.

"వచ్చిందా?"

"వచ్చింది అత్తా."

"సరి, సంతోషం."

ఇంకొంచెంసేపు నిలబడ్డారు. నేను కాయితాలు సర్దుకుంటూ కూర్చున్నాను. ఆవిడ వెళ్ళిపోయారు. ఆ రోజు కాకపోతే రేపు, రేపు కాకపోతే కొత్త ఆఫీసరు వచ్చాక, అలా మూడేళ్ళు నడిచాయి. ఆవిడ స్టాంపులు అంటిస్తూనే రిటైరయ్యారు. మళ్ళీ ఒక్కసారి కూడా అడగలేదు. తిట్టి ఉంటే నేను బతికిపోయేదాన్ని.

ఆవిడ పోయారని విన్న రాత్రి ఈ స్మృతి రాద్దామనుకున్నాను. తప్పు ఇందులో ఒప్పుకుంటే సరిపోతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే అందులో ఒక దొంగ బుద్ధి ఉంది. మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళే అందరూ, తెలుగు చదవగలిగేది మా తాత నేర్పిన పుణ్యాన నేనొక్కదాన్నే. వాళ్ళెవరూ చదవలేని లిపిలో చెంపలు వేసుకోవడం ఎంత సుళువు!

మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. చూసి వచ్చేద్దామనే. కూతురు నన్ను లోపలికి తీసుకుపోయి కాఫీ ఇచ్చింది. మూడేళ్ళ మనవడు గదిలో బొమ్మలాడుకుంటున్నాడు.

"అమ్మకి వీడంటే ప్రాణం అక్కా. ఒక్క గంట నాకిచ్చిపోండే అని బతిమాలుతా ఉండె. మేం ఇయ్యలే" అంది.

"ఎందుకు?"

"నీకు తెలీందేముంది. ఆఫీసులో అంత పెద్ద సంగతి మరిచిపోయింది గదా. మందుల కబురు. అంత మరుపున్న మనిషికి పసిబిడ్డనెట్ల వదిలిపెట్టేది? గ్యాసు పొయ్యి కూడా ముట్టించనీలే మా నాయన. ఆమె ఏమీ అనలే. సరి సరి అని పక్కన కూసుండేది."

నా చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. ఇంట్లోవాళ్ళకైనా నిజం చెప్పి ఉంటారని ఇన్నాళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసింది నేను కాబట్టి.

అంతా చెప్పేశాను. ఎలా చెప్పానో గుర్తు లేదు. కూతురు నా మొహంలోకి చూస్తూ వింది. ఏడవలేదు, తిట్టలేదు. లేచి చెంగు సర్దుకుంది.

"బయట నాయనుండాడు. ఆయనకి చెప్పు. చెవులు వినపడవు, గెట్టిగా చెప్పాల."

అత్త భర్త అరుగు మీద కూర్చుని ఉన్నారు. వీధిలో వేసిన కుర్చీల్లో మా వీధి జనమంతా ఉన్నారు. నేను వంగి ఆయన చెవి దగ్గర చెప్పాను.

"ఏందీ?" అన్నారు.

ఇంకొంచెం గట్టిగా చెప్పాను. కుర్చీల్లో మాటలు ఆగిపోయాయి. ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని ఇంకా నాకేసి చూస్తున్నారు. ఈసారి అరిచాను. "అత్త మరిచిపోలేదు మామా! ఆ దోవ రాసింది నేను! మరిచిపోయింది నేను! అత్త నా కోసం తన మీద వేసుకునింది!"

ఆయన చెయ్యి నెమ్మదిగా దించారు.

"ఆమెకి మరుపు లేదా?"

"లేదు మామా. ఎప్పుడూ లేదు."

ఆయన నా మణికట్టు పట్టుకుని, వీధిలోకి చెయ్యి చూపించారు.

"వాళ్ళకీ చెప్పు. అందరం అన్నాం ఆమెని."

నేను నిటారుగా నిలబడి వీధి వైపు తిరిగాను.